చిన్న సైజు కడియాలు

“సువార్తా, మీ డిపార్ట్‌మెంటు సొమ్ము ఒకటి మా వార్డుల పడున్నది. వచ్చి తీస్కపో,” అన్నాడు ఇలియాస్ ఫోనులో.

పిల్లల వార్డులో పీజీ చేస్తున్న ఇలియాస్ నవ్వకుండా రెండు ముక్కలు మాట్లాడే రకం కాదు. ఆ పూట అతని గొంతులో నవ్వన్నదే లేదు. సువార్త తాగుతున్న టీ అలాగే వదిలేసి ప్రసూతి వార్డు నుంచి మెట్లు దిగి వెళ్ళింది.

కిటికీ పక్క మంచం మీద ఒక ఆడపిల్ల పడుకుని ఉంది. పేరు అమూల్య. ఎనిమిదేళ్ళు నిండాయట, చూస్తే ఐదేళ్ళ పిల్లలా ఉంది. బళ్ళో ప్రార్థన జరుగుతుండగా నిలబడ్డది నిలబడ్డట్టే కూలిపోతే పంతులమ్మ ఆటోలో వేసుకుని తెచ్చింది. ఒక చేతికి సెలైన్ ఎక్కుతోంది. రెండో చేతికి నీలం రంగు కడియం ఉంది.

ఆ కడియం సువార్తకు బాగా తెలుసు. అది పిల్లల చేతికి ఉండాల్సిన వస్తువు కాదు. తన థీసిస్ అంతా దాని మీదే. ఇంకో నెలలో గైడు సంతకం పడితే పరీక్ష రాస్తుంది, గట్టెక్కితే ప్రసూతి డాక్టరని బోర్డు కట్టుకుంటుంది. ఎంబీబీఎస్ సీటుకు రెండుసార్లు, పీజీ సీటుకు మూడుసార్లు పరీక్ష రాసి ఇక్కడిదాకా వచ్చిన పిల్ల. వాళ్ళ పేటలో అలాంటి బోర్డు ఇంతవరకు ఎవరూ కట్టలేదు.

కడియం కనిపెట్టింది ఆమె గైడు, ప్రొఫెసర్ విశాలాక్షి. ఆవిడ సర్వీసంతా రక్తం లేక పాలిపోయిన గర్భిణులతోనే గడిచింది. మాత్రలిచ్చింది, ఇంజెక్షన్లిచ్చింది, ఇళ్ళకు పోయి అత్తలకు దండం పెట్టి మరీ చెప్పింది. అయినా ఏ ఇంట్లో చూసినా అదే తంతు. మగవాళ్ళు తిన్నాక పిల్లలు, పిల్లలు తిన్నాక ఆడవాళ్ళు, అందరికంటే చివర గిన్నె అడుగున మిగిలింది కడుపుతో ఉన్న కోడలికి. చెప్పీ చెప్పీ నోరు పడిపోయి, ఆవిడ ఈ యంత్రానికి దిగింది. గర్భిణి బొడ్డు కింద ఒక బిళ్ళ అతికిస్తారు. లోపలి బిడ్డకు తిండి చాలకపోతే ఆ బిళ్ళ పసిగడుతుంది. ఇంట్లో ఇంకొకరి చేతికి కడియం కడతారు. బిళ్ళ కబురు పంపగానే కడియం మణికట్టు దగ్గర నరాన్ని మీటుతుంది, కట్టుకున్నవాళ్ళ కడుపులో ఆకలి లేస్తుంది. అది వాళ్ళు ఎంత తిన్నా చల్లారే ఆకలి కాదు. ఆ గర్భిణి తింటేనే చల్లారుతుంది.

మొదట తమ మీదే పరీక్షించుకున్నారు. ఇద్దరు మగ పీజీలు కడియాలు కట్టుకుని, క్యాంటీన్లో బిర్యానీలు లాగించి, అయినా కడుపు పట్టుకుని ప్లేట్లతో వార్డులోకి పరిగెత్తారు. “తినవే తల్లీ, నీకు పుణ్యముంటది, ఇంకొక్క ముద్ద!” అని ఒక గర్భిణిని బతిమాలుతుంటే వార్డంతా పడీ పడీ నవ్వింది. విశాలాక్షి కూడా నవ్వింది. “చూశావా సువార్తా, తన కడుపు కాలితే గానీ ఎవరికీ తెలిసిరాదు,” అంది. ఆ నవ్వుల్లో ఒక్క ప్రశ్న అడగడం అందరూ మర్చిపోయారు. ఇంట్లో ఇంకొకరు అంటే ఎవరు? ‘కుటుంబ సభ్యులలో ఒకరు’ అని రాసి ఊరుకున్నారు. ఎవరన్నది ఆ ఇంటికే వదిలేయడం మర్యాద అనుకున్నారు. ఏ ఇంట్లో ఏ బరువు ఎవరి నెత్తిన పడుతుందో తమకు తెలియనట్టు!

మంచం పక్కన నేల మీద కూర్చున్న ముసలామె లేచి దండం పెట్టింది. అమూల్య నాయనమ్మ, అంబవ్వ. వాళ్ళది మరమగ్గాల బస్తీ. అక్కడ మరమగ్గాన్ని సాంచ అంటారు. కొడుకు భూమేష్ సాంచలు నడుపుతాడు, కోడలు వనజ బీడీలు చుడుతుంది. అమూల్య తర్వాత ఇన్నేళ్ళకు వనజ మళ్ళీ కడుపుతో ఉంది, నెలలు నిండాయి.

“ఇది పిల్లకెందుకు కట్టిన్రు?” సువార్త గొంతు వార్డంతా వినిపించింది.

“కోపం చెయ్యకు బిడ్డా. ముందుగాల మా భూమేషే కట్టుకున్నడు. సాంచ కాడ కడుపుల మంట లేస్తె పోగు తెగింది సూస్కోలేదట, సేటు తిట్టిండు. ఇంటికొచ్చి ఇప్పి గూట్ల పారేసిండు. కష్టం చేసే మొగోడాయె, ఏమంటం?”

“మరి నువ్వు కట్టుకోవద్దా?”

“కట్టుకున్న. అబద్ధమెందుకాడుత? మస్తు దినాలు కట్టుకున్న. నాకు పని చెయ్యలే. ఆకలి లేస్తదంటిరి, ఏం లేవలే. ఎప్పుడున్నట్టే ఉన్నది. ఖరాబైందనుకున్నం. సూద్దామని పిల్లకు కడితె, జరసేపట్ల ‘బాపమ్మా, ఆకలి’ అని ఏడ్వవట్టింది. మంచిగనే పనిచేస్తుందని అప్పుడు ఎరుకైంది.”

సువార్త ఆ ముసలామెను చూస్తూ నిలబడిపోయింది. పుల్లల్లాంటి చేతులు, లోపలికి పోయిన దవడలు. కాపురానికి వచ్చిన నాటి నుంచి గిన్నె అడుగు తింటున్న మనిషి. యంత్రం పంపిన ఆకలికీ తన ఆకలికీ ఆమెకు తేడా తెలియలేదు.

అమూల్య కళ్ళు తెరిచింది. సువార్త కడియం మీద చెయ్యి వేయగానే చటుక్కున చెయ్యి లాక్కుంది.

“తియ్యకు.”

“దీంతోని ఆకలైతలేదా నీకు?”

“అయితది.”

“మరి తింటలేవట కదా? బళ్ళె గుడ్డు పెడితే ఏం చేస్తున్నవ్?”

“అమ్మకు తెస్త.”

“నువ్వు తినొచ్చు కదరా.”

“నేను తింటె పోదు గద,” అంది అమూల్య, ఇంత చిన్న సంగతి డాక్టరమ్మకు తెలియదా అన్నట్టు. “అమ్మ తింటెనే పోతది. ఉత్తగ నేనెందుకు తినుడు?”

ఇన్నేళ్ళ పరిశోధనలో ఒక్క పెద్ద తలకాయకూ తట్టని మాట అది. తను తింటే దండగ, అమ్మ తింటే హాయి. అందుకే కంచంలో అన్నం, బళ్ళో గుడ్డు, పక్కింటివాళ్ళు పెట్టిన అరటిపండు, అన్నీ తల్లికే చేరాయి. “నేను బళ్ళె తిన్ననే అమ్మా” అంటే ఆ తల్లి నమ్మింది. పిల్ల ముచ్చటపడి తెచ్చి పెడుతోందని మురిసిపోయి తిన్నది.

సువార్త మారు మాట్లాడకుండా కడియం విప్పి కోటు జేబులో వేసుకుంది. అమూల్య ఏడుపందుకుంది. “తీస్తె అమ్మకు ఆకలైతుందని ఎవ్వలకెరుకైతది?” అని వెనక నుంచి అరిచింది. తలుపు దాకా అంబవ్వ వెంటబడి వచ్చి చెయ్యి పట్టుకుంది.

“వనజకు మాత్రం చెప్పకు బిడ్డా. పిల్లకు జరమొచ్చిందని చెప్పినం. నెలలు నిండినయి. బిడ్డ నోటికాడిది తిన్ననని తెలిస్తె గుండె పలిగి సస్తది.”

పైకి వెళ్ళాల్సిన సువార్త తిన్నగా ల్యాబ్‌కి వెళ్ళింది. జేబులోని కడియం ఆమె చేతికి గుచ్చుకుంటూనే ఉంది. ఇంత చిన్నది ఎవరు చేశారు? ల్యాబ్‌లో కడియాలు అమర్చే ప్రభాకర్ అట్టపెట్టెలు కడుతున్నాడు.

“ప్రభాకరన్నా, చిన్న సైజువి ఎప్పటినుంచి చేస్తున్నరు?”

“శానా రోజులాయె మేడం. ఊర్లల్ల తిరిగే ఆశా అక్కలు ఒకటే ఫోన్లు. వదులైతున్నయి, జారిపోతున్నయి అని. ఇప్పుడు సగానికంటె ఎక్కువ చిన్నవే పోతున్నయి.”

సువార్త పెట్టెలోంచి ఒకటి తీసి తన చేతికి ఎక్కించబోయింది. వేళ్ళ దగ్గరే ఆగిపోయింది.

“ఇవి ఎవరికనుకున్నరు?”

“పల్లెటూరి ఆడోళ్ళ చేతులు సన్నగుంటయి, పంపియ్ అన్నరు పెద్ద మేడం.”

సువార్తకు ఒళ్ళు భగ్గుమంది. సన్నగా ఉంటాయట! ఇంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరైనా ఆ కడియాన్ని చేతికి తొడిగి చూసిన పాపాన పోలేదు. తనూ పోలేదు. నెల నెలా తల్లుల బరువు పెరిగిందని చప్పట్లు కొట్టుకున్నారు. ఆ బరువు ఎవరి ఒంట్లోంచి వచ్చిందని ఎవరూ అడగలేదు. తిలాపాపం తలా పిడికెడు!

సువార్త ల్యాబ్ నుంచి తెచ్చి బల్ల మీద పెట్టిన చిన్న కడియాన్ని విశాలాక్షి చేతిలోకి తీసుకుని చూసింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. సువార్తకు అదే మరీ కష్టంగా ఉంది. చెడ్డవాళ్ళైతే నాలుగు తిట్టి బయటికి వచ్చేయొచ్చు.

“సోమవారం కమిటీ వస్తోంది,” అంది. “రాష్ట్రమంతా ఇవ్వాలా వద్దా తేల్చేది వాళ్ళే. ఈ ఏడాది మనం కడియాలిచ్చిన ఊళ్ళలో రక్తం లేక చనిపోయిన బాలింత ఒక్కరు కూడా లేరు. ఒక్కరు కూడా, సువార్తా! ఇలాంటి ఏడాది నా సర్వీసులో చూడలేదు.”

“దానికి బదులు పోతున్న ప్రాణం కింద వార్డులో ఉంది మేడమ్.”

“నీ థీసిస్ తల్లుల గురించి. పిల్లల సంగతి పిల్లల డిపార్ట్‌మెంటు చూసుకుంటుంది.”

“మేడమ్!”

“అరవకు. కడియం విప్పేశావు, సరే. రేపటి నుంచి ఆ ఇంట్లో ఏం జరుగుతుంది? వనజ మళ్ళీ గిన్నె అడుగు తింటుంది. కాన్పులో పోతుంది. అప్పుడా పిల్లకు తల్లే ఉండదు. ఇద్దరిలో ఎవరు బతకాలో నువ్వే చెప్పు.”

సువార్తకు కోపంతో ఏడుపొచ్చింది. “ఇద్దరే ఉన్నరా ఆ ఇంట్లో? ఇంకో మనిషి లేడా? ఎప్పుడు చూసినా ఈ ఇద్దరిలోనే ఒకరిని ఎందుకు ఏరుకోవాలి మేడమ్?”

విశాలాక్షి సువార్త థీసిస్‌ను సొరుగులో పెట్టింది. “కమిటీ వెళ్ళిపోయిన సాయంత్రం సంతకం పెడతాను. ఈలోగా ఆ పిల్లను ఇంటికి పంపే ఏర్పాటు చూడు. కమిటీ చూడబోయేది వాళ్ళ ఇల్లే. వనజ రక్తం అందరికంటే బాగా పెరిగింది,” అంది.

సోమవారం నాటికి ఆ ఇంటికి కొత్త సున్నం పడింది. కమిటీ చైర్మన్ ముచ్చటపడి, కుటుంబంతో కలిసి భోంచేస్తానన్నాడు. ఇంకేం, తెల్లారకముందే వనజ పొయ్యి ముందు కూర్చుంది. కోడికూర, బగారన్నం, పచ్చిపులుసు. నిండు చూలాలు అంతమందికి వండుతుంటే, ఆమె ఆరోగ్యం చూడ్డానికి వచ్చిన పెద్దలు ముందు గదిలో చాపల మీద కూర్చుని మంచినీళ్ళు తాగారు. ఆ పూటకు పెద్ద సైజు కడియం భూమేష్ చేతికి ఎక్కింది. ప్రభాకర్ వచ్చి స్వయంగా తొడిగి వెళ్ళాడు.

“శభాష్ భూమేష్! భార్య ఆకలిని నీ ఆకలి చేసుకున్నావు. నీలాంటి భర్త ఇంటికొకడుంటే మాకు పనే ఉండదయ్యా,” అని చైర్మన్ వీపు తట్టాడు. భూమేష్ మెలికలు తిరుగుతూ నవ్వాడు. వడ్డిస్తున్న అంబవ్వ తల ఎత్తలేదు.

సువార్త గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నోరు మూసుకుని ఈ ఒక్క పూట గడిపితే సాయంత్రానికి సంతకం పడుతుంది. గుమ్మం అవతల వనజ చెమట తుడుచుకుంటూ గిన్నెలు అందిస్తోంది. ఫోటోలో బాగుంటుందని అమూల్యను తండ్రి పక్కన కూర్చోబెట్టి ముందు కంచం పెట్టారు.

భూమేష్ రెండు ముద్దలు తిన్నాడో లేదో, ముఖం మారిపోయింది. గబగబా తిన్నాడు. మళ్ళీ వేయించుకున్నాడు. నుదుటి నిండా చెమట పట్టింది. వంటింటి వైపు ఒకసారి చూశాడు. చూశాడు! సువార్త కళ్ళారా చూసింది. లేచి వెళ్ళి పెళ్ళానికి ఇంత అన్నం పెడితే పోయేదానికి, ఆ మహానుభావుడు ఎడమ చేతిని మోకాలికి రాసి రాసి కడియం ఊడదీసుకున్నాడు. దాన్ని చాప కిందికి తోసి, హాయిగా ఊపిరి పీల్చుకుని కోడికూర అందుకున్నాడు.

అప్పుడు అమూల్య లేచింది. కంచం రెండు చేతులా పట్టుకుని వంటింటి వైపు నడిచింది.

“ఎక్కడికి పాపా? కూర్చుని తిను,” అన్నాడు చైర్మన్.

“అమ్మ తినలే.”

“నీకెలా తెలుసు? కడియం నాన్న చేతికి ఉంది కదా!”

అమూల్య ఆయన్ని వింతగా చూసింది. “పొద్దటిసంది పొయ్యి కాడనే ఉన్నది. ఏం తినలే. నేను చూసిన.”

సువార్త ఇక ఆగలేకపోయింది. చూసిందట! దీనికి యంత్రాలు కావాలా? నరాలు మీటాలా? ఒకే కప్పు కింద ఉన్న మనిషి తల తిప్పి చూస్తే చాలదా?

“సార్, ముద్ద కింద పెట్టండి,” అంది. జేబులోంచి చిన్న కడియం తీసి ఆయన కంచం పక్కన పెట్టింది. “మీరు మెచ్చుకున్న మొగుడు తన కడియం ఇప్పుడే చాప కిందికి తోసిండు, తీసి చూడండి. ఈ ఇంట్లో ఇన్ని నెలలు కడియం కట్టుకున్న చెయ్యి ఇదిగో, ఈ పిల్లది. సగానికి సగం ఇళ్ళల్ల ఇంతే. మీ చేతికి పడుతుందేమో చూసుకోండి సార్ ఈ సైజు!”

“సువార్తా!” విశాలాక్షి ఎంగిలి చేత్తోనే లేచింది. “ఇంకొక్క మాట మాట్లాడావంటే నా సంతకం మర్చిపో.”

“మర్చిపోయిన మేడమ్, మీ సంతకం మీ దగ్గరే ఉంచుకోండి!” సువార్త వనజ వైపు తిరిగింది. అంబవ్వ వద్దు వద్దని చేతులు ఊపుతోంది. ఆ చేతుల్ని చూసి కూడా చెప్పింది. “వనజా, నీ రక్తం పెరిగింది మా మందుతోని కాదు. నువ్వు తిన్నది ఈ పిల్ల తిండి. నీ కూతురు ఆసుపత్రిల పడింది జ్వరంతోని కాదు, ఆకలితోని.”

వనజ ఏడవలేదు. కూతురి చేతిలోని కంచాన్ని చూసింది. ఆ పిల్ల మెడ కింద తేలిన ఎముకల్ని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. పైట చాటున చెయ్యి పెట్టి, బొడ్డు కింది బిళ్ళను పట్టి ఒక్క గుంజు గుంజింది. దాన్ని తెచ్చి భూమేష్ కంచంలో వేసింది.

“తిను,” అంది. “నా బిడ్డను తిన్నవ్, నా అత్తను తిన్నవ్, ఇదొక్కటెందుకు మిగలాలె? దీన్ని గూడ తిను.”

భూమేష్ చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. వనజ ఆ పెద్దమనుషుల మధ్యే చాప మీద చతికిలబడి, అమూల్యను పక్కకు లాక్కుని అన్నం కలిపింది. మొదటి ముద్ద కూతురి నోట్లో పెట్టింది, రెండోది తన నోట్లో పెట్టుకుంది. “అత్తమ్మా, నువ్వు గూడ కూసో. ఎవలకు ఏం గావాల్నంటే వాళ్ళే లేసి వేసుకుంటరు,” అంది. చైర్మన్ నెమ్మదిగా లేచి చెయ్యి కడుక్కోవడానికి చెంబు వెతుక్కున్నాడు.

ఆ తర్వాత ఏం జరిగిందంటారా? కమిటీ పథకాన్ని ఆమోదించింది. ఎందుకు ఆమోదించదు? తల్లుల లెక్కలు అంత బాగుంటే! ఒక్క వాక్యం మాత్రం కొత్తగా కలిపారు. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు కడియం కట్టరాదు. నెల తిరిగేసరికి ప్రభాకర్ ఫోను చేశాడు. “చిన్న సైజు అడిగేటోళ్ళు బందైన్రు మేడం. ఇప్పుడు అందరు మీడియం సైజు అడుగుతున్నరు.” పదహారేళ్ళ ఆడపిల్లల చేతుల సైజు అది. సువార్త ఫోను గోడకేసి కొట్టబోయి ఆగింది.

వనజకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా బాగున్నారు. అమూల్యకు నెల నెలా ఇలియాస్ బరువు చూస్తున్నాడు, కొంచెం కొంచెంగా కోలుకుంటోంది. సువార్త థీసిస్ మీద సంతకం పడలేదు. పరీక్షకు కూర్చోనివ్వలేదు, ఏడాది పోయింది. పేటలో బోర్డు ఎప్పుడు కడతావని అడిగినవాళ్ళందరికీ వచ్చే ఏడని చెప్పింది. కొత్త థీసిస్‌కు అంశం రాసి విశాలాక్షి బల్ల మీద పెట్టింది. ఆవిడ చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివింది.

“దీనికి ఎవరు ఒప్పుకుంటారే?” అంది.

“మీరు ఒప్పుకుంటే చాలు మేడమ్.”

విశాలాక్షి పెన్ను తీసుకుని సంతకం పెట్టింది.

మర్నాడు సువార్త కొత్త థీసిస్ పనికి బరువు చూసే మిషను చంకన పెట్టుకుని సాంచల షెడ్డుకు వెళ్ళింది. టీ వేళ కావడంతో సాంచలు ఆపి మగవాళ్ళంతా బయట నిలబడి మిర్చి బజ్జీలు తింటున్నారు. భూమేష్ ఆమెను చూసి అందరి వెనక్కి పోయాడు. ఆమె మిషను నేల మీద పెట్టి, పక్కనే ఆశా కార్యకర్తలు పోగుచేసి పంపిన సంచి విప్పింది. నిండా పెద్ద సైజు కడియాలు, ఒక పూటో రెండు పూటలో కట్టుకుని విప్పి గూట్లో పారేసినవి.

“మా బరువెందుకు మేడం మీకు?” అన్నాడు ఒకతను బజ్జీ నములుతూ. పక్కవాళ్ళు కిసుక్కుమన్నారు. “కడుపుతోని ఉండేది ఆడోళ్ళు గద!”

“తిన్నది మీరు కదన్నా,” అంది సువార్త. “ఎక్కండి.”